కడుపు మాడిస్తే కొవ్వు కరుగుతుందా?

తిండి మానడం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. ఏకాదశికో, శివరాత్రికో, కార్తీక సోమవారానికో, రంజాన్ నెలకో పొట్టకు సెలవిస్తూనే ఉన్నాం. ఇప్పుడు అదే ఉపవాసం ‘ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్’ అని పేరు మార్చుకుని, చేతికి గడియారం కట్టుకుని మళ్లీ మనింటికి వచ్చింది. ఈసారి పుణ్యం కోసం కాదు... నడుం చుట్టుకొలత కోసం! ఇంతకీ తినని ఆ గంటల్లో ఒంట్లో ఏం జరుగుతుంది? నిజంగా బరువు తగ్గుతుందా? ఎవరికి మేలు? ఎవరికి ముప్పు?

పొద్దున టిఫిన్ ఉండదు. మధ్యాహ్నం పన్నెండు దాకా మంచినీళ్లు, చక్కెర లేని బ్లాక్ కాఫీ... అంతే. పన్నెండు కొట్టగానే క్యారియర్ తెరుచుకుంటుంది. రాత్రి ఎనిమిది దాటితే మాత్రం పక్కింటివాళ్లు సున్నుండలు పంపినా చెయ్యి సాగదు. ‘అదేంట్రా!’ అంటే కుర్రాడు ‘సిక్స్‌టీన్ ఎయిట్’ అంటాడు. ‘దానికంత పేరెందుకూ, మా అమ్మ ఒక్కపొద్దు ఉండేది’ అంటుంది నాయనమ్మ.

ఇద్దరూ చెబుతున్నది దాదాపు ఒకటే. కాకపోతే నాయనమ్మకు వారానికో రోజు, మనవడికి ప్రతిరోజూ. తేడా అక్కడే వస్తోంది. వారానికి ఒక్కసారి చేసేదాన్ని ఒళ్లు సర్దుకుపోతుంది. ఏడాది పొడవునా చేసేది మేలు చేసినా, చేటు చేసినా కాస్త గట్టిగానే చేస్తుంది. అందుకే మొదలుపెట్టేముందు లెక్కలన్నీ ఓసారి చూసుకోవడం మంచిది.

పాత పద్ధతి... కొత్త పేరు

‘లంఖణం పరమౌషధం’ అన్నారు పెద్దలు. కార్తీకమాసంలో పగలంతా ఉపవాసం ఉండి నక్షత్రాలు చూశాక తినడాన్ని నక్తం అంటారు. జైనులు పొద్దుగూకాక ముద్ద ముట్టరు. బౌద్ధ భిక్షువులకు మధ్యాహ్నం దాటితే భోజనం నిషిద్ధం. రంజాన్‌లో సహరీ నుంచి ఇఫ్తార్ దాకా నీళ్లు కూడా తాగరు. ఏ మతాన్ని చూసినా, ఏ ఊరిని చూసినా ఏదో ఒక రూపంలో ఉపవాసం ఉంది.

మన ఇళ్లలో ఇంకో రకం కూడా ఉంది. శనివారం రాత్రి ఉపవాసం! అన్నం ముట్టరు. దాని బదులు నేతి ఉప్మా, నాలుగు దోశెలు, ఆపైన రెండు అరటిపళ్లు, గ్లాసుడు పాలు. ఉపవాసం లేని రోజున తినే అన్నం కంటే ఆ పలహారమే ఎక్కువ! నవ్వులాటకు చెప్పుకునే ఈ సంగతే కొత్త ఉపవాసానికీ అసలు పరీక్ష. ఆ ముచ్చట కాసేపట్లో.

కొత్త ఉపవాసానికి ఊపు వచ్చింది 2012లో. అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒడిశా నుంచి వెళ్లిన శాస్త్రవేత్త సచ్చిదానంద పండా బృందం రెండు గుంపుల ఎలుకలకు ఒకే రకం కొవ్వు తిండి పెట్టింది. ఒక గుంపు ఎప్పుడు కావాలంటే అప్పుడు తినొచ్చు. రెండో గుంపునకు మాత్రం ఎనిమిది గంటలే సమయం. రెండూ తిన్న కెలోరీలు ఇంచుమించు సమానం. అయినా మొదటి గుంపు ఎలుకలు లావెక్కాయి. రెండో గుంపు ఎలుకలు అంతగా లావెక్కలేదు, వాటి కాలేయమూ బాగుంది. అదే ఏడాది ఆగస్టులో బ్రిటన్‌లో డాక్టరూ, టీవీ ప్రయోక్తా అయిన మైకేల్ మోస్లీ తనమీద తానే ప్రయోగం చేసుకుంటూ బీబీసీకి ఓ డాక్యుమెంటరీ తీశారు. 2013 జనవరిలో వచ్చిన ఆయన పుస్తకంతో ‘ఐదు-రెండు’ పద్ధతి ఇంటింటికీ చేరింది.

ఇప్పుడు ప్రచారంలో ఉన్నవి ప్రధానంగా నాలుగు.

పదహారు-ఎనిమిది: రోజులో ఎనిమిది గంటల్లోపే తిండి ముగించడం. మిగతా పదహారు గంటలూ నీళ్లు, చక్కెర లేని టీ, కాఫీ.

ఐదు-రెండు: వారంలో ఐదు రోజులు మామూలుగా తినడం. రెండు రోజులు మాత్రం ఆడవాళ్లు 500, మగవాళ్లు 600 కెలోరీలకు మించకుండా సరిపెట్టుకోవడం.

రోజు విడిచి రోజు: ఒకరోజు మామూలు భోజనం, మర్నాడు పస్తు లేదా మామూలు తిండిలో పావు వంతు.

ఒంటిపూట: రోజుకు ఒకే భోజనం. ఇంగ్లిష్‌లో ‘ఓమ్యాడ్’. తెలుగులో ఒక్కపొద్దు!

గంట గంటకీ ఒంట్లో...

రాత్రి ఎనిమిదికి భోజనం ముగించారనుకుందాం. అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని కణాల్లోకి పంపడానికి క్లోమం ఇన్సులిన్‌ను వదులుతుంది. వెంటనే ఖర్చు కాని గ్లూకోజును శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు. ఇంకా మిగిలితే అది కొవ్వే. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నంతసేపూ కొవ్వు గోదాము తలుపులు లోపలికే తెరుచుకుంటాయి. సరుకు లోపలికి వెళ్తుందే తప్ప బయటకు రాదు.

అర్ధరాత్రి దాటేసరికి ఇన్సులిన్ తగ్గుతుంది. మనం నిద్రపోయినా మెదడు నిద్రపోదు. దానికి రోజుకు 120 గ్రాముల దాకా గ్లూకోజు కావాలి. కండరాలు పరమ పిసినారివి. తమ గ్లైకోజెన్‌ను తామే వాడుకుంటాయి కానీ రక్తంలోకి వదలవు. కాబట్టి ఇంటిల్లిపాదినీ పోషించే బాధ్యత కాలేయానిదే. తెల్లవార్లూ తన నిల్వను కొంచెం కొంచెంగా కరిగించి పంపుతూ ఉంటుంది.

పొద్దున ఎనిమిదయ్యేసరికి పన్నెండు గంటలు. కాలేయం నిల్వ బాగా తగ్గుతుంది. అప్పుడు కొవ్వు గోదాము తలుపులు బయటకు తెరుచుకోవడం మొదలవుతుంది. కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి వస్తాయి. వాటిలో కొన్నింటిని కాలేయం కీటోన్లుగా మారుస్తుంది. గ్లూకోజు కరవైనప్పుడు మెదడుకు ఇవే ప్రత్యామ్నాయ ఇంధనం.

చాలా వీడియోల్లో ‘పన్నెండో గంట కొట్టగానే కొవ్వు కరగడం మొదలు’ అని చెబుతుంటారు. శరీరంలో అలాంటి గంట ఏదీ లేదు. ఉపవాసంపై ఏళ్ల తరబడి పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త మార్క్ మాట్సన్ సహచరులతో కలిసి రాసిన సమీక్ష ప్రకారం ఈ ఇంధన మార్పిడి చివరి ముద్ద తిన్న 12 నుంచి 36 గంటల మధ్య ఎప్పుడైనా జరగొచ్చు. రాత్రి ఏం తిన్నారు, కాలేయంలో నిల్వ ఎంత ఉంది, పొద్దున నడిచారా, కుర్చీలో కూర్చున్నారా... ఇవన్నీ దాన్ని నిర్ణయిస్తాయి. పదహారు గంటల ఉపవాసం చాలామందిని ఆ గుమ్మం దాకా తీసుకెళ్తుంది. అంతే!

‘మరి నేను మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గానే!’ అంటారా? గ్లైకోజెన్ ఒంటరిగా ఉండదు. ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని వెంట ఉంచుకుంటుంది. నిల్వ ఖర్చవగానే ఆ నీళ్లూ పోతాయి. తొలివారంలో తూకం మీద కనిపించే ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం నీళ్లే. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కెలోరీలు ఖర్చు కావాలి. అది రెండు రోజుల్లో తేలే లెక్క కాదు.

ఉపవాసం ఇంకా సాగితే? కాలేయం నిల్వలు అయిపోయాక, కొంత గ్లూకోజును శరీరం కండరాల్లోని ప్రొటీన్ నుంచి తయారు చేసుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ మెదడు కీటోన్లకు అలవాటుపడి కండను కొంతవరకు కాపాడుతుంది. కానీ ఆ కాపాడటమూ కొవ్వు ఉన్నంతవరకే. స్కాట్లాండ్‌కు చెందిన ఆంగస్ బార్బియరీ 1965-66లో డాక్టర్ల పర్యవేక్షణలో విటమిన్లు, లవణాలు తీసుకుంటూ 382 రోజులు ఘనాహారం లేకుండా గడిపాడు. మొదలుపెట్టేనాటికి అతడి బరువు 207 కిలోలు. అందులో చాలా భాగం కొవ్వే. ఆ కొవ్వే అతణ్ని పోషించింది. మనకు ఇంకో ఉదాహరణ గుండెల్లో ఉండనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో 1952 అక్టోబరు 19న నిరాహార దీక్ష మొదలుపెట్టిన పొట్టి శ్రీరాములు 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఉపవాసాన్ని ఒళ్లు ఎంతకాలం మోస్తుందన్నది మనోబలం ఒక్కటే తేల్చేది కాదు. లోపలి నిల్వ తేల్చేది.

కణం చేసే ఇంటిపని

ఉపవాసం గురించి ఎవరు మాట్లాడినా తప్పకుండా వినపడే మాట ‘ఆటోఫజీ’. అంటే కణం తనలోని పాడైన భాగాలను తానే విడగొట్టి, పనికొచ్చే సరుకును మళ్లీ వాడుకోవడం. పాత చీరలతో బొంతలు కుట్టుకున్నట్టు! ఈ పేరు పెట్టింది బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్, 1963లో. దీని గుట్టు విప్పింది జపాన్‌కు చెందిన యోషినోరి ఒసుమి. బ్రెడ్డును పొంగించే ఈస్ట్ కణాలకు తిండి లేకుండా చేసి, వాటిలో ఈ పని ఎలా జరుగుతుందో, ఏ జన్యువులు దాన్ని నడిపిస్తాయో 1990ల్లో కనిపెట్టారాయన. 2016లో వైద్యరంగంలో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఇక్కడిదాకా అంతా నిజం. ఆ తర్వాతే కథ ఊరంతా తిరిగి రంగు మార్చుకుంది. ‘పద్దెనిమిది గంటలు తినకపోతే ఒళ్లంతా శుభ్రం’, ‘ఇరవై నాలుగు గంటలకు క్యాన్సర్ కణాలు మాయం’... ఇలాంటివి నోబెల్ కమిటీ చెప్పినవీ కాదు, ఒసుమి చెప్పినవీ కాదు. ఆటోఫజీ ఒంట్లో ఎప్పుడూ కొంత జరుగుతూనే ఉంటుంది. తిండి తగ్గినప్పుడు, వ్యాయామం చేసినప్పుడు పెరుగుతుంది. గంటల లెక్కలు చాలావరకు ఎలుకల నుంచి వచ్చినవి. ఎలుకకు ఒక్కరోజు పస్తు అంటే మనిషికి చాలా రోజుల పస్తు కింద లెక్క. దాని గడియారం మన చేతికి సరిపోదు. క్యాన్సర్‌కు చికిత్స మానేసి ఉపవాసాన్ని నమ్ముకోవడమైతే ప్రాణాలతో చెలగాటమే.

తూకం ఏం చెప్పింది?

ఎలుకల సంగతి సరే, మనుషుల మాటేమిటి? గత పదేళ్లలో చాలా పరీక్షలే జరిగాయి.

షికాగోలో క్రిస్టా వరాడీ బృందం వందమందిని ఏడాదిపాటు గమనించి 2017లో ఫలితాలు ప్రకటించింది. రోజు విడిచి రోజు ఉపవాసం చేసినవాళ్లు 6 శాతం బరువు తగ్గారు. ఉపవాసం లేకుండా రోజూ కాస్త తక్కువ తిన్నవాళ్లు 5.3 శాతం తగ్గారు. పెద్ద తేడా లేదు. పైగా ఉపవాసం గుంపులో 38 శాతం మంది మధ్యలోనే చాలించుకున్నారు. రోజూ తక్కువ తిన్న గుంపులో మానేసినవాళ్లు 29 శాతం.

ఆస్ట్రేలియాలో మధుమేహం ఉన్న 137 మందిపై ‘ఐదు-రెండు’ను పరీక్షించారు. ఏడాది తర్వాత 2018లో వచ్చిన ఫలితమూ అదే. మూడు నెలల షుగర్ సగటు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకేలా తగ్గింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 2020లో వెలువడిన పరీక్ష ఇంకా ఆసక్తికరం. 116 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది మధ్యే తినాలి. ఎంత తినాలన్న నియమం లేదు. రెండో గుంపు మామూలుగా మూడుపూటలా. పన్నెండు వారాలయ్యాక చూస్తే ఉపవాసం గుంపు సగటున 0.94 కిలోలు తగ్గింది. మామూలుగా తిన్నవాళ్లు 0.68 కిలోలు. అంటే తేడా పావుకిలో! అంతకంటే కలవరపెట్టిన విషయం మరొకటి. శరీరాన్ని యంత్రాలతో లోతుగా పరీక్షించిన కొందరిలో తగ్గిన బరువులో ఎక్కువ భాగం కొవ్వు కాదు... కండ. ఈ పరీక్ష నడిపిన గుండె వైద్యుడు ఈథన్ వైస్ అప్పటికి కొన్నేళ్లుగా అదే పద్ధతి పాటిస్తున్నారు. ఫలితాలు చూశాక మానేశారు.

చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది స్థూలకాయులపై ఏడాదిపాటు జరిగిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. అందరికీ ఒకే కెలోరీల పరిమితి. ఒక గుంపు మాత్రం పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపే తినాలి. వాళ్లు 8 కిలోలు తగ్గారు. వేళల నియమం లేనివాళ్లు 6.3 కిలోలు. గణాంకాల లెక్కలో అది చెప్పుకోదగ్గ తేడా కాదన్నారు పరిశోధకులు.

ఈ ఫలితాలన్నీ కలిపి చూస్తే ఒక మాట తేలుతుంది. ఉపవాసం పనిచేస్తుంది. కానీ పనిచేయించేది ప్రధానంగా గడియారం కాదు... పళ్లెం. తినే గంటలు తగ్గితే తినే తిండీ తగ్గుతుంది కాబట్టి బరువు తగ్గుతుంది. పన్నెండింటికి ‘విండో’ తెరుచుకుంది కదా అని బిర్యానీ, కూల్‌డ్రింకు, సాయంత్రం పునుగులు, రాత్రి ఏడున్నరకు పరోటాలు లాగిస్తే ఏమవుతుంది? మన శనివారం పలహారమే అవుతుంది! రంజాన్ నెలలో పగలంతా నీళ్లు కూడా ముట్టని వారిలోనూ సగటున తగ్గేది కిలో, అటూఇటూ. పండగ తర్వాత కొన్ని వారాల్లో అదీ తిరిగి వచ్చేస్తుంది.

అయితే ఉపవాసం పనికిరాదనా? కాదు. రోజూ ఇడ్లీకి ఇన్ని, చట్నీకి ఇన్ని అని కెలోరీలు లెక్కపెట్టడం అందరికీ సాధ్యం కాదు. ‘రాత్రి ఏడు తర్వాత తినను’ అన్న ఒక్క నియమం గుర్తుంచుకోవడం తేలిక. దానివల్ల అర్ధరాత్రి చిప్స్, సినిమా మధ్యలో ఐస్‌క్రీమ్ వాటంతటవే పోతాయి. అది చిన్న లాభం కాదు.

మన ఒంటి తీరు వేరు

పై పరీక్షల్లో ఎక్కువమంది భారీకాయులు. మన సంగతి అలా కాదు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో ఒకటి 2004లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అంటే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు? బ్రిటిష్ డాక్టరుకు 9.1 శాతం. మన డాక్టరుకు 21.2 శాతం!

చూడటానికి సన్నం, లోపల కొవ్వు. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. మనవాళ్లలో చాలామందికి ఇదే తీరు. అంటే కొవ్వు ఎక్కువ అన్నది సగం సమస్యే. కండ తక్కువ అన్నది మిగతా సగం. తిన్న గ్లూకోజును ఎక్కువగా వాడుకునేది కండే. ఉన్న కాస్త కండనూ ఉపవాసంతో పోగొట్టుకుంటే తూకం తగ్గినా షుగర్ ముప్పు తగ్గదు.

దీనికి విరుగుడు రెండు. ఒకటి ప్రొటీన్. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. గుడ్డుకు సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలకు 6, గుప్పెడు పప్పుకు 7. రోజుకు మూడుసార్లు తిన్నా చాలా ఇళ్లలో ఈ లెక్క అందడం కష్టం. ఇక రెండు పూటలకు కుదిస్తే అన్నం తగ్గించి పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు, సెనగలు పెంచితే తప్ప అందదు. రెండో విరుగుడు బరువులెత్తడం. జిమ్‌కే వెళ్లక్కర్లేదు. గుంజీళ్లు తీసినా సరే, నిండు బకెట్లు మోసినా సరే.

షుగర్ మాత్ర వేసుకుంటున్నారా?

ఈ వ్యాసంలో ఏది మర్చిపోయినా ఈ భాగం మాత్రం మర్చిపోవద్దు.

2023లో ప్రకటించిన జాతీయస్థాయి సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. బరువు తగ్గాలని అందరికంటే గట్టిగా ప్రయత్నించేదీ వీళ్లే. ఫోన్‌లో వీడియో చూసి రేపటినుంచే టిఫిన్ మానేస్తే ఏమవుతుంది?

గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు క్లోమాన్ని పిండి ఇన్సులిన్‌ను బయటకు రప్పిస్తాయి. తిండి వచ్చినా రాకపోయినా వాటి పని అవి చేస్తాయి. పొద్దునే మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోతే రక్తంలో గ్లూకోజు పడిపోతుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్లు తీసుకునేవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, కళ్లు మసకబారడం, మాట తడబడటం... ఇవీ లక్షణాలు. పట్టించుకోకపోతే స్పృహ తప్పుతుంది. ప్రాణం మీదికీ రావచ్చు.

గ్లిఫ్లోజిన్ రకం మందులది మరో తరహా ప్రమాదం. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి గ్లూకోజును మూత్రంలోకి పంపేస్తాయి. వీటితోపాటు కఠిన ఉపవాసం చేస్తే కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లంగా మారొచ్చు. అప్పుడు షుగర్ మీటరులో అంకె మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు కూడా. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇవి ఊహించి భయపెట్టే మాటలు కావు. 13 దేశాల్లో 12 వేలమందికి పైగా మధుమేహులను పరిశీలించి, రంజాన్ ఉపవాసాలపై 2004లో వెలువరించిన అధ్యయనంలో ఆసుపత్రిపాలు చేసే స్థాయిలో షుగర్ పడిపోయే ఘటనలు టైప్-1 వారిలో 4.7 రెట్లు, టైప్-2 వారిలో 7.5 రెట్లు పెరిగాయి. అందుకే ఇప్పుడు రంజాన్‌కు ముందే మందుల మోతాదు, వేళలు మార్చి ఇవ్వడానికి వైద్యులకు అంతర్జాతీయ మార్గదర్శకాలున్నాయి. నెలరోజుల ఉపవాసానికే అంత జాగ్రత్త ఉంటే, ఏడాది పొడవునా చేసేదానికి ఎంత ఉండాలి?

షుగర్ 70 కంటే తగ్గితే ఉపవాసం అక్కడితో ఆపేయాలి. మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలుపుకొని తాగి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. అప్పటికీ పెరగకపోతే మరోసారి తాగాలి. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏదీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రక్తపోటుకు నీరు తీసే మందులు వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు కూడా డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, బక్కచిక్కిన వృద్ధులు, తిండి విషయంలో మానసిక సమస్యలు ఎదుర్కొన్నవారు ఈ జోలికే పోవద్దు. మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశమూ ఉంది.

2024 మార్చిలో అమెరికాలో ఓ అధ్యయనం గుబులు పుట్టించింది. రోజుకు ఎనిమిది గంటల్లోపే తినేవారిలో గుండెజబ్బు మరణాల ముప్పు 91 శాతం ఎక్కువన్నది దాని సారాంశం. అయితే అందులో తిండి వేళల్ని లెక్కగట్టింది జనం గుర్తుచేసుకుని చెప్పిన రెండు రోజుల వివరాలతో. పనుల ఒత్తిడితోనో, జబ్బుతోనో తినలేకపోయినవారూ అందులో ఉండొచ్చు. ఉపవాసమే చంపుతుందని అది రుజువు చేయలేదు. కాకపోతే ‘ఎంత ఎక్కువసేపు తినకపోతే అంత మంచిది’ అన్న నమ్మకానికి అదో హెచ్చరిక.

పొద్దున్నా? రాత్రా?

గడియారం పాత్ర అసలే లేదా అంటే, కొంత ఉంది. ఎన్ని గంటలు అన్నదానికంటే ఏ గంటలు అన్నదాంట్లో ఉంది.

ఇన్సులిన్ పొద్దున చురుగ్గా పనిచేస్తుంది. చీకటిపడ్డాక నిద్ర తెప్పించే మెలటోనిన్ పెరిగేకొద్దీ క్లోమం నెమ్మదిస్తుంది. అదే అన్నం మధ్యాహ్నం తింటే ఒక రకం, రాత్రి పదింటికి తింటే ఇంకో రకం. అమెరికాలో మధుమేహం అంచున ఉన్న ఎనిమిది మంది మగవాళ్లపై 2018లో వెలువడిన చిన్న పరీక్షలో మధ్యాహ్నం మూడులోపే రోజు తిండి ముగించారు. బరువు తగ్గకుండా చూసినా, ఐదు వారాల్లో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది, రక్తపోటు తగ్గింది. 2022లో అక్కడే 90 మందిపై జరిగిన మరో పరీక్షలో పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు మధ్య తిన్నవారు పద్నాలుగు వారాల్లో సగటున 6.3 కిలోలు తగ్గారు. పన్నెండు గంటలు, అంతకంటే ఎక్కువసేపు తిన్నవారు 4 కిలోలు.

మన కుర్రాళ్లు చేస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు. పొద్దున టిఫిన్ మానేసి రాత్రి భోజనం ఉంచుకుంటున్నారు. మధ్యాహ్నం మూడింటికే భోజనాలు ముగించడం ఉద్యోగాలు చేసుకునేవారికి కుదిరే పని కాదు, నిజమే. కానీ రాత్రి పది గంటల భోజనాన్ని ఏడింటికి జరపడం కుదురుతుంది. కరెంటు రాని రోజుల్లో పల్లెల్లో పొద్దున చద్దన్నం, దీపాలు పెట్టేవేళకు రాత్రి భోజనం ముగిసేవి. మర్నాటి పొద్దు దాకా దాదాపు పన్నెండు గంటల ఉపవాసం... దానికో పేరు కూడా లేకుండా!

మొదలుపెట్టాలనుకుంటే...

ఏ మందులూ వాడని ఆరోగ్యవంతులు నిదానంగా మొదలుపెట్టొచ్చు.

తొలి రెండు వారాలు పన్నెండు గంటల విరామం చాలు. రాత్రి ఏడున్నరకు ముగించి పొద్దున ఏడున్నరకు టిఫిన్. ఒంటికి పడితే పదమూడు, పద్నాలుగు గంటలకు పెంచుకోవచ్చు.

పెంచేటప్పుడు రాత్రి భోజనాన్ని ముందుకు జరపండి. పొద్దున టిఫిన్‌ను కోసేయకండి.

విరామంలో నీళ్లు మానొద్దు. మన ఎండల్లో తలనొప్పికి, నీరసానికి, మలబద్ధకానికి సగం కారణం నీళ్లు చాలకపోవడమే. తేనె నీళ్లు, పళ్లరసం తాగితే మాత్రం అది ఉపవాసం కిందికి రాదు. అవీ చక్కెరే.

ఉపవాసం విరవగానే స్వీటో, వేపుడో కాదు. ముందు పప్పు, కూర, పెరుగు. ఆ తర్వాతే అన్నం.

తూకంతోపాటు నడుము కొలత రాసుకోండి. బరువు తగ్గి నడుము తగ్గకపోతే పోతున్నది కొవ్వు కాదేమోనని అనుమానించాలి. మెట్లెక్కేటప్పుడు కాళ్లు లాగుతున్నా, జుట్టు రాలుతున్నా, నెలసరి తప్పినా, రోజంతా చిరాగ్గా ఉన్నా ఆపేసి డాక్టరును కలవాలి.

మూడు నెలలు పాటించలేమనిపించే పద్ధతిని మూడు రోజులు కూడా మొదలుపెట్టకపోవడమే మేలు. తగ్గిన బరువు అంతే వేగంగా తిరిగొస్తుంది.

దేవుడి కోసం చేసే ఉపవాసానికి ఫలం ఆ దేవుడే ఇస్తాడు. ఒంటి కోసం చేసే ఉపవాసానికి ఫలం మాత్రం దాన్ని విరిచాక పళ్లెంలో ఏం వడ్డించుకున్నామన్నదాన్ని బట్టే ఉంటుంది. షుగర్ మాత్రలు వాడేవాళ్లయితే పళ్లెం కంటే ముందు చూసుకోవాల్సింది మందుల చీటీ. దాన్ని డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాకే గడియారం వైపు చూడండి!